చీరకొక చిరునామా: వెబ్‌సైటులో ఫ్రేముల వలని నష్టములు, మేలైన మార్గములు

కర్ణాటక, తమిళనాడు, ఒడిశా, మహారాష్ట్రములలోను, యానాములోను తరతరములుగా స్థిరపడియున్న మన నేత కుటుంబములు నేడు సరకు అమ్ముకొనుటకు సంతను, షావుకారును మాత్రమే నమ్ముకొని కూర్చుండుట లేదు. సహకార సంఘములు, చిన్న వర్తకులు, ఇంటి మగ్గముపై నేయువారు సైతము వెబ్‌సైటు పెట్టి తమ చీరలను నలుగురికిని చూపుచున్నారు. ఇది సంతోషింపదగిన విషయమే. కాని సరకు మంచిదై, ధర న్యాయమైనదై యున్నను, కొన్ని వెబ్‌సైట్లు అమ్మకమునకు తోడ్పడుటకు మారుగా అడ్డుపడుచున్నవి. ఇందులకు గల కారణములలో ఒకటి ఫ్రేములతో కట్టిన పాత పద్ధతి. దానిని గూర్చి మన పాఠకులకు తెలియజేయుట అవసరమని మేము భావించుచున్నాము.

ముందుగా ఒక మాట. ఇచట ఫ్రేము అనగా ఫ్రేము మగ్గము గాదు. ఆ మగ్గము మనకు అన్నము పెట్టుచున్నది. దానితో మనకు తగవు లేదు. వెబ్‌సైటు కట్టువారు తెరను గదులుగా విభజించి, ఒక్కొక్క గదిలో ఒక్కొక్క ఫైలును తెచ్చి నిలుపు పద్ధతికి కూడ ఫ్రేములనియే పేరు. మా తగవు దానితోనే.

ఫ్రేము అనగా నేమి?

మామూలు వెబ్‌సైటులో ప్రతి పేజీకిని దాని సొంత చిరునామా ఉండును. బ్రౌజరు పైభాగమున కనబడు అక్షరముల వరుస అదియే. ఫ్రేముల పద్ధతిలో అట్లు గాదు. మొదట ఖాళీ చట్రము వంటి ఒక ఫైలు వచ్చును. అందు చూపదగిన సరకేమియు ఉండదు. తెరను ఏ కొలతలలో విభజింపవలెనో, ఏ గదిలో ఏ ఫైలు పెట్టవలెనో తెలుపు సూచనలు మాత్రమే ఉండును. పై గదిలో సంఘము పేరు, ఎడమ గదిలో సరకుల పట్టిక, కుడివైపు పెద్ద గదిలో చీర బొమ్మ: ఈ మూడును వేరు వేరు ఫైళ్లు. చట్రముతో కలిపి నాలుగు. చూచువారికి మాత్రము అంతయు ఒకే పేజీవలె కనబడును.

ఎడమ గదిలో "పట్టు చీరలు" అని నొక్కినచో కుడి గది మాత్రమే మారును. పైన కనబడు చిరునామా ఆ ఖాళీ చట్రముది గాన అది మారదు. మొదటి చీర చూచినప్పుడు ఏ చిరునామా కలదో, నూరవ చీర చూచినప్పుడును అదియే. చిక్కంతయు ఇచటనే పుట్టుచున్నది.

ఈ పద్ధతి ఎట్లు వచ్చినది?

1995లో అమెరికాలోని నెట్‌స్కేప్ సంస్థ తన నావిగేటరు బ్రౌజరు రెండవ కూర్పుతో ఫ్రేములను ప్రవేశపెట్టినది. అదే సంవత్సరము ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ మన దేశమున సామాన్య ప్రజలకు ఇంటర్నెట్టును తెరచినది. ఆ కాలమున టెలిఫోను తీగపై సెకనుకు 28,800 బిట్లు వచ్చుటయే గొప్ప వేగము. ఆ వేగముతో 50 కిలోబైట్ల ఫైలు ఒకటి రావలెనన్నచో సుమారు 14 సెకన్లు పట్టును. ప్రతి పేజీతోను సంఘము పేరు, పట్టిక మరల మరల తెప్పించుట దండుగ యని తోచుట సహజమే. ఫ్రేములలో అవి ఒకసారి వచ్చి కదలక నిలుచును. పట్టికలో కొత్త రకము చేర్పవలసివచ్చినచో ఒక్క ఫైలు దిద్దిన చాలును. ఈ రెండు సుఖములను జూచియే పెక్కుమంది ఆ పద్ధతిని చేపట్టిరి. వారిని తప్పుపట్ట పనిలేదు.

అయితే చిక్కులు వెంటనే బయటపడినవి. నెట్‌స్కేప్ రెండవ కూర్పులో వెనుకకు పోవు మీట నొక్కినచో, ముందు చూచిన గదికి గాక ఆ వెబ్‌సైటు బయటకే పోవుట జరిగెడిది. దానిని మూడవ కూర్పులో సరిదిద్దవలసి వచ్చినది. వెబ్‌సైట్ల వాడుకలో సౌలభ్యమును పరిశీలించు యాకబ్ నీల్సన్ 1996 మే నెలలో ప్రకటించిన పది పెద్ద తప్పుల జాబితాలో ఫ్రేములకే మొదటి స్థానమిచ్చెను. వెబ్‌లో పేజీయే మూలము. చూచుటకు, పోవుటకు, గుర్తుంచుకొనుటకు అన్నిటికిని అదియే కొలత. ఫ్రేములు ఆ కొలతను చెరచుచున్నవని ఆయన వాదము.

వెబ్ ప్రమాణములు నిర్ణయించు కన్సార్టియం 1997 డిసెంబరులో హెచ్‌టీఎంఎల్ 4.0 ప్రమాణమున ఫ్రేములకు చోటిచ్చినను, 2014 అక్టోబరు 28న వెలువడిన హెచ్‌టీఎంఎల్ 5 ప్రమాణమున వానిని వాడరాదని తొలగించినది. పాత వెబ్‌సైట్లు చెడిపోకుండుటకై బ్రౌజర్లు ఇంకను ఫ్రేములను చూపుచునే యున్నవి. కావుననే జబ్బున్న సంగతి ఇంటివారికి తెలియకుండుచున్నది. వెబ్‌సైటు తెరచుకొనుచున్నది గదా యని ఊరకుందురు.

మనకు కలుగు నష్టములు

ఒకటి: చీర చిరునామా పోవును. నేడు చీర అమ్మకము ఎట్లు జరుగుచున్నదో మన ఆడవారికి బాగుగ తెలియును. బెంగుళూరులో ఒకామె ఒక చీర చూచి మెచ్చుకొని, పూనాలోనున్న చెల్లెలికి వాట్సాప్‌లో పంపును. చెల్లెలు నొక్కగానే ఆ చీరయే కనబడవలెను. ఫ్రేములున్నచోట అక్క పంపిన చిరునామా ఖాళీ చట్రముది గాన, చెల్లెలికి మొదటి పేజీ తెరచుకొనును. లింకుతోపాటు వచ్చు చిన్న బొమ్మయు ఆ చీరది గాదు. వందల చీరలలో ఆమె దానిని వెదకుకొనవలెను. వెదకు ఓపిక ఎందరికుండును? నెలరోజులు మగ్గముపై కూర్చున్నవాని కష్టము అంత చిన్న కారణమున చేజారిపోవును. తరువాత కొనవచ్చునని గుర్తు పెట్టుకొన్నవారికిని ఇదే గతి.

రెండు: గూగుల్ వంటి శోధన యంత్రములకు సరిగా చిక్కదు. ఆ యంత్రములు చట్రము ఫైలును చూచినచో అందు చదువదగినది కనబడదు. లోపలి ఫైలును విడిగా పట్టుకొన్నచో ఆ ఒక్క ముక్కనే కొనుగోలుదారునకు చూపును. అపుడు ఆయనకు చీర బొమ్మ కనబడును గాని, నేసిన సంఘము పేరు, ఫోను నంబరు, తక్కిన సరకుల పట్టిక కనబడవు. అవి వేరే గదులలో నుండిపోయినవి గదా! ముద్ర లేని బేలువలె ఆ పేజీ దిక్కులేనిదగును.

మూడు: సెల్‌ఫోనుపై ఇమడదు. పెక్కు ఫోనుల తెర వెడల్పు వెబ్‌సైటు లెక్కలో సుమారు 360 పిక్సెళ్లు. పెద్ద కంప్యూటరును దృష్టియందుంచుకొని ఎడమ గదికి 200 పిక్సెళ్లు కేటాయించినచో, చీర చూపుటకు 160 మాత్రమే మిగులును. లేదా పేజీ అంతయు కుదించుకొనిపోయి అక్షరములు చీమలవలె కనబడును. అంచు పనితనము, జరీ మెరుపు ఆ ఇరుకులో ఎట్లు తెలియును?

నాలుగు: అచ్చు తీయుటలో ఇబ్బంది. ధరల పట్టికను కాగితముపై తీయబోయినచో తెరపై కనబడినంత మేర మాత్రమే వచ్చి, మిగిలినది తెగిపోవుట కలదు.

అయిదు: చూపు లేనివారికి కష్టము. వారు తెరపైనున్నదానిని చదివి వినిపించు సాధనముతో వెబ్‌సైటు వాడుదురు. పేజీ ముక్కలుగా నున్నచో, ఏ ముక్కలో ఏమున్నదో వారికి బోధపడదు. 1999 మే నెలలో వెలువడిన సౌలభ్య సూత్రములలోనే ప్రతి ఫ్రేమునకు అర్థవంతమైన పేరు పెట్టవలెనని నియమము చేసిరి. ఆ నియమమును పాటించినను ముక్కలు ముక్కలే.

ఆరు: భాషల చిక్కు. ఇది మనకు ప్రత్యేకము. మన సంఘముల వెబ్‌సైట్లు తెలుగుతోపాటు కన్నడము, తమిళము, ఒడియా, మరాఠీ, ఆంగ్లములలో గూడ ఉండుట న్యాయము. ఫ్రేములలో భాష మార్చినచో, చట్రమంతయు మారి చూచుచున్న చీర పోయి మొదటి పేజీ వచ్చుట పరిపాటి. షోలాపూరులో మరాఠీలో చదువు కొనుగోలుదారునకు మరాఠీ పేజీ చిరునామాయే నేరుగా పంపు వీలుండవలెను. ఫ్రేములలో ఆ వీలు లేదు.

పరుల చట్రములో మన సరకు

ఇంతవరకు మన వెబ్‌సైటులో మనము పెట్టుకొన్న ఫ్రేముల సంగతి. పరులు తమ చట్రములో మన పేజీని బిగించుకొనుట మరియొక సంగతి. అపుడు బొమ్మలు మనవి, వివరములు మనవి; పైన కనబడు పేరు, చిరునామా మాత్రము పరులవి. మన నేతపై మరొకరి ముద్ర వేసుకొని అమ్మిన బాధ మనకు కొత్తది గాదు. కనుక ఈ విషయమున మనము మరింత జాగ్రత్తగా నుండవలెను.

అమెరికాలో ఇట్టి తగవు 1997లోనే కోర్టుకెక్కినది. టోటల్‌న్యూస్ అను వెబ్‌సైటు ఇతర పత్రికల వార్తలను తన చట్రము నడుమ చూపుచు, చుట్టును తన ప్రకటనలు వేసుకొనెను. వాషింగ్టన్ పోస్ట్, సీఎన్ఎన్, రాయిటర్స్ మున్నగు సంస్థలు ఆ ఏడు ఫిబ్రవరిలో న్యూయార్కు కోర్టులో దావా వేసినవి. జూన్ నెలలో రాజీ కుదిరినది. ఇకమీదట చట్రములో బిగింపక, లింకు మాత్రమే ఇచ్చుటకు టోటల్‌న్యూస్ ఒప్పుకొన్నది.

2008లో అంతకన్న ప్రమాదకరమైన మోసమునకు "క్లిక్‌జాకింగ్" అని పేరు పెట్టిరి. కనబడకుండ చేసిన ఫ్రేములో అసలు వెబ్‌సైటును తెరచియుంచి, పైన మరేదో బొమ్మ చూపి నొక్కించుట దీని తంత్రము. నొక్కువాడు ఒకటి నొక్కితిననుకొనును, నొక్కబడునది మరొకటి. దీనికి విరుగుడుగా 2009లో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ ఎనిమిదవ కూర్పులో "ఎక్స్-ఫ్రేమ్-ఆప్షన్స్" అను ఏర్పాటు వచ్చినది. ఇతర బ్రౌజర్లును దానిని స్వీకరించినవి. తరువాత వచ్చిన "ఫ్రేమ్-యాన్సెస్టర్స్" అను నియమము మరింత వివరమైనది. మన సర్వరు ఈ మాట పంపినచో, పరుల చట్రములో మన పేజీని బ్రౌజరు చూపనే చూపదు. దీనికి ప్రత్యేకపు ఖర్చు లేదు. వెబ్‌సైటు చూచుకొనువారికి చెప్పి చేయించవలెను. అయితే బొమ్మలను దొంగిలించి తమ పేజీలో అతికించుకొనువారిని ఇది ఆపజాలదని గ్రహింపవలెను. అది వేరే పోరాటము.

ముసుగు మళ్లింపు

చిరునామా పేర్లు అమ్ము వర్తకులు "మాస్కింగ్‌తో ఫార్వార్డింగ్" అను సదుపాయము చూపుదురు. సంఘము పేరుతో ఒక చిరునామా కొని, ఉచితముగా దొరకిన మరియొకచోటి పేజీలకు దానిని ముసుగువలె తొడుగుటయే ఇది. చవుకగా పని జరిగినదని సంతోషింతుము. కాని ఆ ముసుగు వెనుకనున్నది ఫ్రేమే! పైన చెప్పిన నష్టములన్నియు దీనికిని వర్తించును. పైగా లోపలి వెబ్‌సైటు తన్ను ఎవరును చట్రములో పెట్టరాదని నిషేధించియున్నచో, కొనుగోలుదారునకు తెల్లని తెర మాత్రమే కనబడును. కొన్న చిరునామాను నేరుగా వెబ్‌సైటునకే తగిలించుట ఒక్కటే సరియైన పని. అది వీలుగానిచో ముసుగు లేని మళ్లింపు మేలు.

మేలైన మార్గములు

ఫ్రేములు తీసివేసినచో పట్టికలో ఒక రకము చేర్చుటకు నూరు పేజీలు దిద్దవలెనా యని ప్రశ్న పుట్టును. దీనికి సమాధానము మన జకార్డులోనే కలదు. అట్టలు ఒకసారి కొట్టించి కట్టినచో, ఆ మగ్గముపై నేసిన ప్రతి చీరకును అదే అంచు వచ్చును; ప్రతి చీరయు నిండు చీరయే. అంచు వేరుగా నేసి ఒకే అంచును నూరు చీరలకు మార్చి మార్చి చూపము గదా! వెబ్‌సైటునకు అట్టి అట్టలే "టెంప్లేటు". సంఘము పేరు, పట్టిక, ఫోను నంబరు ఒకచోట వ్రాసియుంచినచో, సర్వరు ప్రతి పేజీలోను వానిని చేర్చి నిండు పేజీగా పంపును. ఒకచోట దిద్దినచో అన్ని పేజీలును మారును. ఫ్రేముల వలన గలిగిన మొదటి సుఖము ఈ విధముగా చిరునామా పోగొట్టుకొనకయే లభించును. వర్డ్‌ప్రెస్ వంటి సాధనములన్నియు ఈ పద్ధతిపైననే నడచుచున్నవి.

పేరు, పట్టిక కదలక నిలుచుట రెండవ సుఖము. దీనికి "సీఎస్ఎస్" అను అలంకార భాష కలదు. దాని మొదటి ప్రమాణము 1996 డిసెంబరులోను, రెండవది 1998 మే నెలలోను వెలువడినవి. పేజీలోని ఏ భాగము ఎచటనుండవలెనో, ఏది కదలవలెనో, ఏది నిలువవలెనో అది చెప్పును. 2017 మార్చిలో "గ్రిడ్" అను పద్ధతి ముఖ్యమైన బ్రౌజర్లలో ప్రవేశించిన పిదప, తెరను గళ్లుగా విభజించుట మరింత తేలికయైనది. కంచి కోర్వై చీరలో అంచులకు, నడుమకు వేరు వేరు నాడెలు నడచును. మూడు నాడెలు నడచినను గుడ్డ ఒక్కటే. సీఎస్ఎస్‌తో కట్టిన పేజీయు అట్టిదే. భాగములు వేరుగా కనబడును, పేజీ ఒక్కటే, చిరునామా ఒక్కటే. అదే పేజీ పెద్ద తెరపై పట్టికను పక్కన, సెల్‌ఫోనుపై పట్టికను పైన చూపునట్లు చేయవచ్చును.

ఒక మినహాయింపు చెప్పుట న్యాయము. పేజీ నడుమ ఒక చిన్న కిటికీ పెట్టి ఇతరుల వస్తువును చూపు "ఐఫ్రేము" అను సాధనము నేటి ప్రమాణమునందును కలదు. దుకాణమునకు దారి చూపు పటమో, మగ్గముపై నేయుచున్న వీడియోయో చూపుటకు దానిని వాడుట తప్పుగాదు. దానికి ఒక పేరు పెట్టవలెను. చీరలను, ధరలను, సంఘపు చిరునామాను మాత్రము అందు పెట్టరాదు.

పాత వెబ్‌సైటును మార్చు విధము

ఉన్న వెబ్‌సైటును పూర్తిగా పారవేయ పనిలేదు. లోపలి గదిలో తెరచుకొను ఫైళ్లన్నిటికిని మొదట జాబితా వ్రాయించవలెను. ప్రతి ఫైలునకు సంఘము పేరు, పట్టిక, ఫోను నంబరు చేర్పించి నిండు పేజీగా చేయించవలెను. ప్రతి పేజీకిని వేరు శీర్షిక ఉండవలెను. అన్నిటికిని "స్వాగతము" అని పెట్టరాదు. సాధ్యమైనంతవరకు లోపలి ఫైళ్ల పాత చిరునామాలనే ఉంచవలెను. మార్చక తప్పనిచో, పాతదాని నుండి కొత్తదానికి శాశ్వత మళ్లింపు పెట్టించవలెను. కట్టువారు దానిని 301 మళ్లింపు అందురు. ఇవి ముగిసిన పిదపనే ఖాళీ చట్రమును తీసివేయవలెను.

కోడు తెలియనివారును చేయదగిన పరీక్షలు కొన్ని కలవు. వెబ్‌సైటులో ఏదేని ఒక చీర తెరచి, పైనున్న చిరునామా మారినదా లేదా చూడుడు. ఆ చిరునామాను మరియొక ఫోనునకు పంపి నొక్కుడు. ఆ చీరయే రావలెను. ఆ పేజీలోనే సంఘము పేరు, ఫోను నంబరు కనబడవలెను. కంప్యూటరుపై పేజీ మూలమును తెరచి అందు "ఫ్రేమ్‌సెట్" అను మాట ఆంగ్లాక్షరములలో ఉన్నదేమో వెదకుడు. ఉన్నచో ఈ వ్యాసము మీ కొరకే. కొత్తగా వెబ్‌సైటు కట్టించుకొనువారు సొమ్ము చెల్లింపక మునుపే ఈ పరీక్షలు జరిపి, ప్రతి చీరకును ప్రత్యేక చిరునామా ఇచ్చునట్లు ఒప్పందములో వ్రాయించుకొనవలెను. చిరునామా పేరు సంఘము పేరనే నమోదు కావలెను గాని, కట్టువాని పేర కారాదు.

సంఘపు వార్షిక సమావేశములలో రంగుల ధర, నూలు ధర చర్చించునట్లే ఈ విషయమును గూడ ఒక అంశముగా చేర్చవలెనని మా విన్నపము. మన పిల్లలలో చదువుకొన్నవారు ఈ పని కొన్ని రోజులలో నేర్వగలరు, వారికి అప్పగించుడు. నేసినవాని పేరు, ఊరు చీర వెంట కొనుగోలుదారుని ఇంటివరకు పోవలెనని మనము ఎన్నో ఏండ్లుగా కోరుచున్నాము. వెబ్‌సైటులో ఆ పేరును మోసుకొనిపోవునది చిరునామాయే. అది ప్రతి చీరకును ఉండునట్లు చూచుకొనుట మన చేతిలోని పని.